గురువారం ఒక్కపొద్దు

ఇంటి ఖర్చు ఇంకెక్కడ తగ్గించాలో తెలియక కోటేశ్వరి గురువుగారి దగ్గరికి బయలుదేరింది. ఆటో ఎక్కలేదు. తగ్గించేటప్పుడు అన్నిటికంటే ముందు పోయేది ఆటోయే కదా.

చీరాల నుంచి వాడరేవు పోయే దారిలో, సరుగుడు తోటల పక్కన ఒక చిన్న పెంకుటిల్లు ఉంది. అందులో మాణిక్యయ్యగారని ఒక ముసలాయన ఉండేవారు. అందరూ ఆయన్ను గురువుగారనే అంటారు గానీ, ఆయన ఎవరి చెవిలోనూ మంత్రం చెప్పినట్టు గానీ, కుదురుగా ఒక గంటసేపు ఉపన్యాసం ఇచ్చినట్టు గానీ ఎవరూ ఎరగరు. వచ్చినవాళ్ళను కూచోబెట్టి, "అన్నం తిన్నారా?" అని అడిగేవారు. మోక్షం గురించి తేల్చుకుందామని ఒంగోలు నుంచి కారేసుకుని వచ్చిన పెద్దమనిషిని కూడా అదే అడిగారు.

అడిగితే అందరూ చెప్పే జవాబు ఒకటే. "అయిందండీ." మన నోటికి అది అలవాటైపోయింది. తిన్నా అంటాం, తినకపోయినా అంటాం.

కోటేశ్వరి భర్త శివన్నారాయణ బట్టల కొట్లో గుమాస్తా. గిరాకీ పడిపోయిందని యజమాని జీతం తగ్గించాడు. ధరలు మాత్రం ఎవరి మొహం చూసీ తగ్గలేదు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ, శివన్నారాయణ తల్లి రత్తమ్మగారు, ఇంటరు చదివే కూతురు లిఖిత. వీళ్ళందరికీ పూటపూటా కంచంలో అన్నం కనబడేట్టు చూడటం కోటేశ్వరి పని. జీతం తగ్గిన దగ్గర్నుంచీ ఆ లోటు ఎవరికీ తెలియనివ్వకుండా నెట్టుకొస్తోంది. అలా తెలియనివ్వకుండా చూడటంలోనే మనిషి సగమైంది.

ఆవిడ వచ్చేసరికి గురువుగారు వసారాలో చాప మీద కూచుని ఉన్నారు.

"రా అమ్మాయ్. అన్నం తిన్నావా?"

"అయిందండీ."

ఆయన ఆవిడ మొహం వంక చూసి, మంచినీళ్ళ చెంబు ముందుకు జరిపారు. కోటేశ్వరి చెంబు దించకుండా మొత్తం తాగేసింది. తాగాక స్తంభానికి ఆనుకుని కూచుంది.

"ఈసారి మీ భిక్ష మా వంతు వచ్చిందండీ," అన్నది. ఏడాదికోసారి ఒక్కో శిష్యుడింట్లో గురువుగారు భోంచేయడం అక్కడి ఆనవాయితీ. "పోయినేడు మా ఇంటికి వచ్చినప్పుడు గారెలు, పరమాన్నం చేశాను. ఇప్పుడు ఇల్లు అట్టా లేదు. అన్నీ తగ్గించేశాను. ఇంక తగ్గించడానికి ఏమీ కనపట్టం లేదు. ఎక్కడ తగ్గించాలో మీరే చెప్పండి."

"ఏమేం తగ్గించావు?"

ఆ మాట అడగడంతో కోటేశ్వరికి కొంచెం ప్రాణం లేచొచ్చింది. ఎవరికైనా తమ చేతి విద్య గురించి అడిగితే అంతే.

"రైతుబజారుకి పొద్దున పోనండీ. సర్దుకునే వేళకు పోతాను. మిగిలిందాన్ని మళ్ళీ మోసుకుపోవాలంటే వాళ్ళకీ బరువే, ఎంతకో అంతకు ఇచ్చేస్తారు. కొంచెం వడలిన వంకాయలైతే ఏంది, పచ్చడికి పనికిరావా? బీరకాయ తెస్తే లోపలిది కూర, పైది తొక్కుపచ్చడి. సొరకాయ చెక్కు వేపుడు. పుచ్చకాయ తింటే ఆ తెల్లదంతా పప్పులో వేస్తాను, దోసకాయ అనుకుని తింటారు మావాళ్ళు. మునగాకు పక్కింటివాళ్ళు కొట్టేస్తుంటే తెచ్చుకుంటాను. తెలగపిండి వేసి వండితే కూరకు కూర, బలానికి బలం. కారాలు, పొడులు ఇంట్లోనే. హోటలు మొహం చూడం. పప్పు పలచన చేస్తాను గానీ పోపు మాత్రం ఘుమఘుమలాడాలి. వాసన బాగుంటే పలచనైన సంగతి ఎవరూ పట్టించుకోరండీ."

"భేష్," అన్నారు గురువుగారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. "మా వంట చేసే రామకోటికి చెప్పాలి. వాడు సొరకాయ చెక్కంతా గేదెకు వేస్తాడు."

కోటేశ్వరి మొహం వెలిగింది. వీధిలో ఆడవాళ్ళు కూడా ఆవిడనే అడుగుతారు, చారెడు పప్పుతో ఇల్లు ఎట్టా లాక్కురావాలని. పొదుపుకి పట్టాలిచ్చే కాలేజీ ఉంటే ఈవిడను మాస్టారుగా పెట్టుకోవచ్చు.

"మరి ఇంట్లో ఎవరెవరికి ఏం పెడతావు?"

"ఆయనకు కూర ఉండాల్సిందేనండీ. రోజంతా నిలబడే ఉద్యోగం. అత్తయ్యకు పళ్ళు లేవు, మెత్తగా పప్పు, పెరుగు. పిల్లకు ఒక గుడ్డు. చదువుకునే పిల్ల కదా."

"నీకో?"

"నాకేముందండీ." నవ్వింది. "సోమవారం శివుడికి ఒక్కపొద్దు. మంగళవారం ఆంజనేయస్వామికి. శుక్రవారం అమ్మవారికి. శనివారం వెంకన్నబాబుకి."

"గురువారం?"

"గురువారం మీకేనండీ. మీ పేరుమీద ఉంటున్నాను."

గురువుగారు చాప అంచున లేచిన పోగును వేలితో సర్దుతూ ఉండిపోయారు.

ఆ ఒక్కపొద్దుల సంగతి కొంచెం చెప్పాలి. మొదట్లో కోటేశ్వరి మామూలుగానే అన్నం తగ్గించుకుంది. ఒకరోజు లిఖిత, "అమ్మా, నువ్వు తినవా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక, "ఇవాళ సోమవారం కదే" అన్నది. ఆ జవాబు బాగా పనిచేసింది. వారాలకూ దేవుళ్ళకూ మనకు కొదవ లేదు. పైగా దేవుళ్ళెవరూ దిగొచ్చి అడ్డు చెప్పలేదు. రత్తమ్మగారైతే, "మా కోడలు మహా భక్తురాలు" అని వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. అందరూ అంటుంటే కోటేశ్వరి కూడా నిజంగా భక్తే అనుకుంది. కడుపు కాలుతుంటే నామం జపించుకునేది.

"వచ్చే గురువారం వస్తాను భిక్షకు," అన్నారు గురువుగారు. "మీరు రోజూ తినేదే వండు. నా కోసం ఒక్క వంటకం ఎక్కువ చేసినా లేచిపోతాను."

కోటేశ్వరి దణ్ణం పెట్టి లేచింది. గురువారం అన్నందుకు ఆవిడకు లోలోపల సంతోషమే కలిగింది. గురువారమైతే తను తినక్కర్లేదు. గురువుగారికి పెట్టేది అట్టా సర్దుకుపోతుంది.

బుధవారం సాయంత్రం సంచి పట్టుకుని రైతుబజారుకి పోయింది. బీరకాయలు ఏరుతుంటే ఉన్నట్టుండి కళ్ళు బైర్లు కమ్మాయి. పక్కనున్న గోనెసంచి మీద కూలబడింది.

"ఏందమ్మా, ఏమైంది? అన్నం తిన్నావా?" అన్నది కూరగాయల మనిషి.

"అయిందమ్మా. ఎండ దెబ్బ, అంతే."

అప్పటికి పొద్దు గుంకి చాలాసేపైంది. కూరగాయల మనిషి ఆకాశం వంక ఒకసారి చూసి, నాలుగు బీరకాయలకు ఇంకోటి కొసరు వేసింది. కోటేశ్వరి కాసేపు అక్కడే కూచుంది. లేవాలంటే లేవబుద్ధి కాలేదు. ఎవరైనా ఈ సంచి ఇంటిదాకా తెచ్చిపెడితే బాగుండు అనిపించింది. ఎవరూ లేరు గనక తనే లేచి మోసుకుంటూ నడిచింది.

దారిలో ఎదురింటి సుబ్బరత్నం కనపడి, "రేపు గురువుగారు మీ ఇంటికటగా! బూరెలు చేస్తున్నావా?" అని అడిగింది. గంజిలోకే ఉప్పు లేదంటే పాలలోకి పంచదార అన్నదట ఎవరో. కోటేశ్వరికి నవ్వే ఓపిక కూడా లేదు.

గురువారం మధ్యాహ్నం గురువుగారు వచ్చారు. శివన్నారాయణ కొట్లో పూట సెలవడిగి ఇంట్లోనే ఉన్నాడు. కాళ్ళకు నీళ్ళిచ్చి, పీట వేసి కూచోబెట్టారు. ఆయనకు అరిటాకు, పక్కన శివన్నారాయణకూ లిఖితకూ కంచాలు. రత్తమ్మగారు కింద కూచోలేదు కాబట్టి ఆవిడకు కుర్చీ, ముందు చిన్న బల్ల.

కోటేశ్వరి వడ్డించింది. మునగాకు తెలగపిండి కూర, బీరకాయ పప్పు, తొక్కుపచ్చడి, చారు. అన్నం వేడిగా పొగలు కక్కుతోంది. పోపు వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది. ఏ వంటకానికీ వంక పెట్టడానికి లేదు.

గురువుగారు ఆకులోకి చూశారు. చేతిలోకి నీళ్ళు తీసుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు.

"మీరు కానివ్వండి," అన్నారు. "నాకు ఇవాళ ఒక్కపొద్దు."

ఆయన ముద్ద ఎత్తకుండా ఎవరు కానిస్తారు? రత్తమ్మగారు నొచ్చుకుంది. "అయ్యో, ముందే ఒక్క మాట చెబితే పండో ఫలమో తెప్పించేవాళ్ళం కదండీ. ఇంతకీ ఏ దేవుడికండీ?"

"దేవుడికి కాదు. మీ కోడలికి. కోటేశ్వరి పేరుమీద ఉంటున్నాను."

కోటేశ్వరి వేళాకోళం అనుకుంది. నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నా పేరుమీద మీరు పస్తుండటమేందండీ! మీబోటివారు... నాకు పాపం చుట్టుకోదూ?"

"మరి ఇన్నాళ్ళూ నాకు చుట్టుకోలేదా తల్లీ?"

ఇంటికొచ్చిన గురువు విస్తరి ముందు తినకుండా కూచుంటే ఆ ఇల్లాలికి అంతకు మించిన శిక్ష ఉండదు. నిన్నటి నుంచీ పడ్డ పాటంతా వృథా అయిందే అని కోటేశ్వరికి కోపం వచ్చింది. గురువుగారి మీద కోపం రావడం ఆవిడకు అదే మొదలు.

"ఏం చేస్తే తింటారండీ?"

"నువ్వు తింటే తింటాను."

"మీ అందరిదీ అయ్యాక నేను తింటాగా!"

"నేనూ అదే అంటున్నా. నీది అయ్యాకే."

ముసలాయన చేతులు ఒళ్ళో సన్నగా వణుకుతుండటం లిఖిత చూసింది. ఆయన పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని ఆ పిల్లకు అర్థమైంది. "అమ్మా, పెట్టుకోవే. నువ్వు కూడా రావే," అన్నది.

కోటేశ్వరి వంటింట్లోకి పోయి కంచం తీసింది. అన్నం గిన్నె మూత తీసి, లోపలికి చూసి, కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గిన్నెలో మెతుకులు లేవు. అడుగున అంటుకున్న మాడు తప్ప ఏమీ లేదు.

"ఏమైందే?" శివన్నారాయణ పిలిచాడు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "నాకు వండలేదండీ. ఇవాళ గురువారం కదా."

"నిన్న బుధవారం," అన్నారు గురువుగారు. "నిన్న వండుకున్నావా?"

కోటేశ్వరి తల వంచుకుంది.

"రోజూ బియ్యం ఎట్టా కొలుస్తావమ్మా?"

"మనిషికి గ్లాసండీ."

"ఎన్ని గ్లాసులు?"

"మూడు," అన్నది. ఇవాళ మీకొకటి ఎక్కువ పోశాను అనబోయి ఆ మాట మింగేసింది.

శివన్నారాయణ చెయ్యి తొడ మీద ఉంది. అమ్మ, తను, పిల్ల అని బొటనవేలు ఒక్కో వేలునూ తాకుతూ పోయింది. చిటికెనవేలు దగ్గర ఆగిపోయింది. అతను ఆ చేతినే చూస్తూ కూచున్నాడు. బట్టల కొట్లో గజం గుడ్డలో అంగుళం తేడా వస్తే పట్టేస్తాడని అతనికి పేరు.

"నేను చూసుకోలేదే," అన్నాడు.

రత్తమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మహా భక్తురాలని ఊరంతా చెప్పుకున్నానే తల్లీ. నా నోరు పడిపోను!" అని ఏడ్చేసింది.

కోటేశ్వరికి చచ్చేంత సిగ్గేసింది. ఏదో దొంగతనం బయటపడ్డట్టు అనిపించింది. ఇంట్లోవాళ్ళ ముందు బయటపడనివ్వకూడదనే కదా ఇన్నాళ్ళూ పాటుపడింది. ఇప్పుడు అందరూ తనవంకే చూస్తున్నారు. ఆ చూపుల ముందు నిలబడటం కంటే పస్తే నయమనిపించింది.

గురువుగారు గొంతు తగ్గించి అన్నారు. "పోయి ఒక గ్లాసు బియ్యం పొయ్యి మీద పడెయ్యి తల్లీ. అయ్యేదాకా కూచుంటాను. నాకేం తొందర లేదు."

ఆవిడ లోపలికి పోయింది. డబ్బాలోంచి గ్లాసుతో బియ్యం తీసింది. అలవాటైన చెయ్యి కొంచెం వెనక్కి ఒంపబోయింది. వెనకే వచ్చిన లిఖిత ఆ గ్లాసు లాక్కుని నిండుగా గిన్నెలో పోసింది. తల్లి మొహం వంక చూడకుండా బియ్యం కడిగి, తనే పొయ్యి మీద పెట్టింది.

అన్నం ఉడకడానికి పట్టే సేపు పడుతుంది. పెద్దలు కూచున్నారని త్వరగా ఉడకదు. వడ్డించినవన్నీ చల్లారిపోయాయి. పప్పు మీద తెట్టు కట్టింది. గురువుగారు కళ్ళు మూసుకుని కూచున్నారు. జపం చేస్తున్నారో, నీరసమో చెప్పలేం. శివన్నారాయణ లేచి ఇంకొక పీట తెచ్చి, గురువుగారి ఆకుకు ఎదురుగా వేశాడు.

ఆ పీట మీద కోటేశ్వరి కూచుంది. లిఖిత వడ్డించింది. ఇంటిల్లిపాదీ కంచాల ముందు ఊరికే కూచుని చూస్తుంటే, గురువుగారి కంటే ముందు, అత్తగారి కంటే ముందు, కోటేశ్వరి అన్నం కలుపుకుంది.

మొదటి ముద్ద గొంతు దిగలేదు. మంచినీళ్ళు తాగి దింపుకుంది. రెండో ముద్ద దిగింది. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా తింటూనే ఉంది. తనకు ఎంత ఆకలిగా ఉందో ఆవిడకు అప్పుడు తెలిసింది.

"ఇంకొంచెం పెట్టవే," అన్నది కూతురితో.

అప్పుడు గురువుగారు కళ్ళు తెరిచి, చేతిలోకి నీళ్ళు తీసుకున్నారు. చల్లారిన అన్నంలో చల్లారిన పప్పు కలుపుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నారు. తొక్కుపచ్చడి రెండోసారి వేయించుకున్నారు.

వెళ్ళేటప్పుడు కోటేశ్వరి గుమ్మం దాకా వచ్చింది.

"అయ్యగారూ, ఎక్కడ తగ్గించాలో చెప్పనే లేదు."

"నాకేం తెలుసమ్మా ఆ విద్య? నీకు తెలుసు." లోపల కంచాలు తీస్తున్న శివన్నారాయణ వైపు చూశారు. "వీళ్ళకు కూడా నేర్పు."

ఆ తర్వాత శివన్నారాయణ జీతం పెరగలేదు. ధరలూ దిగిరాలేదు. నాలుగు గ్లాసులు పోయడంతో నెలాఖరు రాకముందే బియ్యం డబ్బా మోగడం మొదలైంది. సోమవారం ఒక్కపొద్దు తనదని రత్తమ్మగారు పట్టుబట్టింది. "ఏం, శివుడు నీ ఒక్కదానికే చుట్టమా?" అని పోట్లాడి మరీ తీసుకుంది. శివన్నారాయణ సాయంత్రం మిర్చిబజ్జీలు మానేశాడు. కొట్టు నుంచి వచ్చేటప్పుడు రైతుబజారు మీదుగా వచ్చి, వడలిన వంకాయల్లో మరీ వడలినవి తెచ్చి తిట్లు తింటున్నాడు. లిఖిత గుడ్డు సగం కోసి తల్లి కంచంలో వేస్తే ఆవిడ తిరిగి పిల్ల కంచంలో వేస్తుంది. రోజూ ఆ సగం గుడ్డు అటూ ఇటూ తిరిగాకే భోజనం అవుతుంది. కోటేశ్వరి అలసట పోలేదు. ఒక్క పొదుపు తప్ప వేరే దారి లేని ఇంట్లో అది ఎక్కడికి పోతుంది? కాకపోతే ఇప్పుడు అది ఆవిడ ఒక్కదాని మీదే పడటం లేదు.

మళ్ళీ ఒక గురువారం వచ్చింది. మధ్యాహ్నం శివన్నారాయణ కొట్టుకూ, లిఖిత కాలేజీకీ పోయారు. రత్తమ్మగారు తిని పడుకుంది. ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. కోటేశ్వరి గిన్నె మూత తీసి, తన వంతు అన్నం వంక చూసింది. రాత్రికి ఉంచితే రాత్రి ఒక గ్లాసు తక్కువ పోయచ్చు అనుకుంది. మూత పెట్టబోయింది.

ఫోను మోగింది. రామకోటి నంబరు. మాట్లాడింది మాత్రం గురువుగారు.

"అమ్మాయ్, అన్నం తిన్నావా?"

"అయి..." అన్నది కోటేశ్వరి. ఆ మాట సగంలోనే నోట్లో ఆగిపోయింది.

అవతల ఆయన ఊరుకున్నారు. ఫోను పెట్టెయ్యలేదు. కదపకుండా ఒళ్ళో పెట్టుకున్న ఆ ముసలి చేతులు ఆవిడ కళ్ళముందు మెదిలాయి. కోటేశ్వరి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కంచంలో అన్నం పెట్టుకుని, పప్పు వేసుకుని కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుంది.

"తింటున్నానండీ," అన్నది. నోట్లో అన్నం ఉండటంతో మాట సరిగా రాలేదు.

అవతల ఆయన రామకోటితో అనడం వినపడింది.

"నాకు వడ్డించు నాయనా."